ఒంటి సోపానము

మా మనుమడు సియాటిల్ నగరమున కాపురముండు మేడకు సోపాన మొక్కటియే యని వినినప్పుడు నా గుండె ఝల్లుమనెను. నిప్పు పుట్టినచో జనులెట్లు దిగుదురు?

అతడు వ్రాసిన జాబు నన్ను తర్కమున పడవేసినది. సోపానములు రెండైనచో వానిని కలుపుటకు మేడ నడుమ పొడవైన చీకటినడవ కావలెను. దాని కిరుప్రక్కల నుండు ఇండ్లకు ఒక్క దిక్కుననే కిటికీలు. గాలికి ఎదురుదారి లేదు. సోపాన మొక్కటియైనచో ఇండ్లు దానిచుట్టు నమరి, రెండు మూడు దిక్కుల వెలుగును పొందును. ఇఱుకు స్థలమునను మేడ లేచును.

ఆ నగర మిందులకు 1970వ దశకమునుండి యనుమతించుచున్నది. అయితే ఆఱంతస్తులు మించరాదు. అంతస్తునకు నాలుగిండ్లు మించరాదు. మంట వేడికి తామై నీరు చిమ్ము గొట్టము లుండితీరవలెను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2024లో ఆఱంతస్తులవఱకు ఒంటి సోపానమున కొప్పినది.

మఱి లండనులోని గ్రెన్‌ఫెల్ మేడ? 24 అంతస్తులు, ఒకే సోపానము. 2017 నాటి మంటకు 72 మంది బలియైరి. మంటను ప్రాకించినది వెలిగోడల తొడుగు; నీరు చిమ్ము గొట్టములు లేనేలేవు. అటుపిమ్మట ఇంగ్లాండు, 18 మీటర్లు గాని అంతకు మించి గాని ఎత్తుగల క్రొత్త నివాసభవనములకు 2026 సెప్టెంబరు 30 నుండి రెండవ సోపానము కావలెనని 2024లో నిర్ణయించినది. ఎత్తు పెరిగినకొలది వాదము మాఱుట న్యాయమే.

మావాడు మూడవ అంతస్తున నున్నాడు. గొట్టములను ఏటేట పరీక్షింతురా యని మఱల వ్రాసితిని.