వాడేవాళ్ళను అడిగామా?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గత సంవత్సరం మా మనవరాలు చదువుకుంటున్న అహమ్మదాబాదులో, సమాజానికీ పర్యావరణానికీ మేలు చేసే డిజైన్ గురించి జరిగిన రెండు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చాను. ఆ విశేషాలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. డిజైన్ అంటే చీరె అంచు మీది పువ్వులనుకునే తరం మనది. "తాతయ్యా, నువ్వు సర్వీసంతా చేసింది కూడా డిజైనే" అని అమ్మాయి పట్టుబడితే బయలుదేరాను.

ఈ విషయంలో అహమ్మదాబాదుకు చరిత్ర ఉంది. 1958లో చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరగా దేశం తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. చూసిన వస్తువులన్నిటిలో వారు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును! పట్టుకోవడానికి, మోయడానికి, వంచడానికి, తోమడానికి అనువుగా తరతరాల జనం దిద్దుకున్న రూపమది. ఆ తరువాత 1961లో అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. 1979 జనవరిలో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో అక్కడ జరిగిన సమావేశం నుంచి, డిజైన్ వర్ధమాన దేశాల ప్రజల అవసరాలకు ఉపయోగపడాలనే ప్రకటన వెలువడింది.

సదస్సులో ఒక యువకుడు మంచి డిజైన్‌కు ఉదాహరణగా తెర మీద చూపిన బొమ్మ చూసి ఉలిక్కిపడ్డాను. అది మన బోరింగు పంపు, ఇండియా మార్క్ 2! అంతకు పూర్వపు పోత ఇనుప పంపులు విదేశాల్లో ఒక్కో కుటుంబం వాడుకునే పంపులకు నకళ్ళు. ఊరంతా కొడితే త్వరగా విరిగిపోయేవి. షోలాపూర్ పంపు ఆధారంగా, యూనిసెఫ్ సహకారంతో, 1970 దశకంలో ఈ గట్టి పంపు రూపొందింది. అయినా లోపల వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాల్సిందే. తరువాత వచ్చిన మార్క్ 3లో పైపు వెడల్పు చేసి, దాన్ని కదపకుండానే పిస్టన్ బయటికి తీసే వీలు కల్పించారు.

"దీన్ని బిగించినవారు ఎవరైనా ఉన్నారా?" అని ఆయన అడిగితే మనవరాలు నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. లేచాను గానీ గొప్పలు చెప్పుకోలేకపోయాను. 1984లో ఒక ఊళ్ళో రచ్చబండ పక్కన బోరు వేయించాను. చోటు చూపించింది ఊరి పెద్దలు. నీరు పుష్కలంగా పడింది. "పనిచేయుచున్నది" అని రిజిస్టరులో రాశాను. ఏడాది తరువాత వెళితే ఒక ముసలావిడ అంది: "బాబూ, మొగాళ్ళు కూర్చునే కాడ ఏశారు. ఆడోళ్ళం తెల్లారకముందే పోవాలి, లేకుంటే చెరువే గతి. మమ్మల్నొక్క మాట అడిగుంటే చింతచెట్టు కాడ చూపించేవాళ్ళం గదా!" చింతచెట్టు దగ్గర కూడా నీరుందని మా సర్వే కాగితాల్లోనే ఉంది. మరో బోరుకు ప్రతిపాదన పంపేలోగా నాకు బదిలీ అయింది. ఇది నా సర్వీసు పుస్తకంలో లేదు. నా మనసులో మాత్రం ఉండిపోయింది.

మిత్రులారా, ఈరోజు ఎజెండాలో మన సంఘ భవనం ప్లాను ఉంది. దాని మీద నేనూ సంతకం పెట్టాను. మరుగుదొడ్డికి మూడు మెట్లు దిగాలి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. పింఛను కాగితాల కోసం వచ్చే సోదరీమణులు కూర్చునే చోటు లేదు. వాన నీటికి ఇంకుడు గుంత లేదు. కర్ర పట్టుకు నడిచేవారిని గానీ, సోదరీమణులను గానీ మనం అడగలేదు. నెల ఆలస్యమైనా సరే, ప్లాను అందరికీ చూపించి, వారి మాట విన్నాకే ఆమోదించాలని ప్రతిపాదిస్తున్నాను. కట్టిన గోడ పగలగొట్టడం కన్నా కాగితం మీద గీత చెరపడం తేలిక.