దీన్‌దయాళ్ గారి కెమెరా – మన జాయింట్ ఫోటో



ఫోటోల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాజా దీన్‌దయాళ్ అనగానే నిజాం ప్రభువు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అంటాం. నిజానికి ఆయన మనవారే, ప్రభుత్వోద్యోగి! 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. 1874లో సరదాగా కెమెరా పట్టారు. 1882లో ఒక దొరగారి వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్ళు తీశారు. ఆ తర్వాత దీర్ఘకాలపు సెలవు పెట్టి ఫోటోల కోసమే ఊళ్ళు తిరిగి, చివరకు ఉద్యోగమే వదిలేశారు. (మనం సెలవులు దాచుకుని ఎన్‌క్యాష్‌మెంటు చేసుకున్నాం, అది వేరే సంగతి.)

1892లో హైదరాబాదులో స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, ఒక దొరసాని చేతిలో పెట్టారు. ఘోషా స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫోటో తీయించుకునేవారు.

మన ఇళ్ళలో ఘోషా లేదు. అయినా మా వీధిలో ఒక ఇల్లాలు కాలం చేస్తే, దండ వేసేందుకు ఫోటో కోసం ఇల్లంతా వెదికారు. పెళ్ళి ఫోటోలో తల వంచుకుని ఉంది. మనవల పుట్టినరోజు ఫోటోల్లో వంటింటి గుమ్మంలో సగమే కనబడింది. చివరికి పెన్షను కాగితాలకు తీయించిన జాయింట్ ఫోటోలోంచి భర్తను తప్పించి, ఆమెను పెద్దది చేయించారు.

ఇప్పుడు మనవల చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి కదా. ఈ ఆదివారం ఆమెను గుడికో, పార్కుకో తీసుకెళ్ళండి. నిలబెట్టి నవ్వమనకండి. పూలు కడుతుండగానో, కూరలు బేరమాడుతుండగానో తీయించండి. ప్రింటు వేయించి, వెనుక పేరు, ఊరు, తేదీ రాయండి. ఆ రాతపని మనకు కొత్త కాదుగా!