కెపాసిటర్ చిన్నదే, కాలేది మాత్రం ట్రాన్స్‌ఫార్మర్

(రైతుసంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం గిట్టుబాటు ధర గురించి మాట్లాడుకోవడం లేదు, రుణమాఫీ గురించీ కాదు. స్టార్టర్ డబ్బా పక్కన వేలాడే చిన్న డబ్బా గురించి మాట్లాడుకుందాం. దాన్ని కొందరు కెపాసిటర్ అంటారు, కొందరు కండెన్సర్ అంటారు. ఇంత చిన్నదానికి ఒక తరగతి ఎందుకు అని మీకనిపించవచ్చు. మాకూ మొదట్లో అలాగే అనిపించింది.

మా ఊళ్లో చెరువు కింద ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని మీద 17 మోటార్లు, అన్నీ 5 హెచ్‌పీవే. ఒక యాసంగిలో అది రెండుసార్లు కాలింది. రెండుసార్లూ మేమే చందాలేసుకుని ట్రాక్టర్ మాట్లాడి, దింపి, షెడ్డుకు తీసుకుపోయాం. తిరిగొచ్చేసరికి పొట్టకొచ్చిన వరి నెర్రెలిచ్చిన మడిలో నిలబడి ఉంది. అధికారులను నిలదీస్తే, "మీరు కెపాసిటర్లు పెట్టరు, అందుకే కాలుతుంది" అన్నారు. మేం, "మీరు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు, అందుకే కాలింది" అన్నాం. కొట్లాట అక్కడే ఆగింది. తర్వాత మేమే తిరిగి పదిహేడు స్టార్టర్లూ తెరిచి చూశాం. కొన్నిటికి కెపాసిటర్ అసలు లేదు. కొన్నిటికి ఉంది గానీ ఉబ్బి చచ్చిపోయింది. పనిచేసేవి నాలుగే. అంటే వాళ్ల మాటలో సగం నిజం ఉంది, మన మాటలో సగం నిజం ఉంది.

ముందు ఇది చేసే పనేమిటో చూద్దాం. పెద్దవాళ్లకు మోట బావి గుర్తుండే ఉంటుంది. ఎడ్లు ముందుకు నడిస్తే నీళ్లొస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు నీళ్లు రావు. కానీ వెనక్కి రాకపోతే రెండో మోట లేదు. మోటారుకూ అంతే. నీళ్లు తోడే కరెంటు ఒకటి. మోటారు లోపల అయస్కాంతం పుట్టించడానికి వచ్చిపోయే కరెంటు ఇంకొకటి. ఈ రెండోది పని చేయదు, కానీ అది లేకుండా పని జరగదు. కెపాసిటర్ లేకపోతే ఈ వచ్చిపోయే కరెంటంతా తీగల మీదుగా, ట్రాన్స్‌ఫార్మర్ మీదుగానే నడవాలి. కెపాసిటర్ పెడితే అందులో చాలా భాగం మోటారు దగ్గరే సరిపోతుంది. తీగకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ బరువు తప్పుతుంది.

లెక్క చూడండి. పొలంలో ఉండే 5 హెచ్‌పీ మోటారు సుమారు 5 కిలోవాట్లు తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టర్ 0.75 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు 6.6 కేవీఏ, ఒక్కో ఫేజులో కరెంటు 9.2 ఆంపియర్లు. దానికి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.90కి వస్తుంది. బరువు 5.55 కేవీఏకి, కరెంటు 7.7 ఆంపియర్లకు దిగుతుంది. ఇప్పుడు మా 17 మోటార్లకు కట్టండి. కెపాసిటర్లు లేకుండా అన్నీ కలిసి నడిస్తే దాదాపు 113 కేవీఏ. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలక ఏం చేస్తుంది? అన్నిటికీ పెడితే 94. అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే మోటార్లు, అదే నీరు. తీగల్లో వేడిగా పోయే నష్టం కూడా దాదాపు మూడో వంతు తగ్గుతుంది, ఎందుకంటే ఆ నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది.

"కరెంటు ఉచితం కదా, మాకెందుకీ ఖర్చు" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. ఉచిత విద్యుత్తు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్న ఉద్యమం దాని వెనక ఉంది. 2004లో ఉచితం వచ్చింది. ఆ మరుసటి ఏడాదే కెపాసిటర్, ఐఎస్ఐ పంపు, రాపిడి తక్కువున్న ఫుట్‌వాల్వు, మంచి పైపు అనే నాలుగు షరతులూ వచ్చాయి. షరతు కోసం చాలామంది పెట్టారు. కాలిపోయాక మళ్లీ పెట్టలేదు, ఎవరూ అడగలేదు. బిల్లులో మనకు మిగిలేదేమీ లేదన్నది నిజమే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎండేది మన మడి, వోల్టేజి పడిపోతే కాలేది మన వైండింగ్. బిల్లు మనం కట్టకపోయినా నష్టం మనమే కడుతున్నాం.

ఇక సైజు సంగతి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ పట్టికలో ఉన్నదే చెబుతున్నాం: 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2, 7.5 హెచ్‌పీకి 3. 10 హెచ్‌పీకైతే 3000 వేగం మోటారుకు 3, 1500 వేగానికి 4. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ 3000 వేగం కిందికే వస్తుంది.

పెద్దది పెడితే ఇంకా మంచిది కదా అనుకోవద్దు. మాలో ఒకరు బావి మీది 5 హెచ్‌పీ మోనోబ్లాక్‌కు, మెకానిక్ మాట విని 5 కేవీఏఆర్ పెట్టారు. కొన్నాళ్లకే వైండింగ్ పోయింది. స్టార్టర్ ఆపాక కూడా మోటారు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. దాని అయస్కాంతానికి కావలసిన దానికంటే పెద్ద కెపాసిటర్ దాన్ని అంటిపెట్టుకుని ఉంటే, అప్పుడు మోటారే జనరేటరై వోల్టేజి పెంచుకుంటుంది. ఆ దెబ్బ వైండింగ్‌కూ, కెపాసిటర్‌కూ తగులుతుంది. అందుకే పట్టికకు మించి పోవద్దు.

రెండో సంగతి వోల్టేజి. డబ్బా మీద 2 కేవీఏఆర్, 440 వోల్టులు అని రాసి ఉంటుంది. కానీ లైను చివరన మీకొచ్చేది 350 అయితే అది ఇచ్చేది 2 కాదు, సుమారు 1.27 మాత్రమే. కెపాసిటర్ బలం వోల్టేజి వర్గంతో పడిపోతుంది. అవసరం ఎక్కువున్న చోటే అది నీరసపడుతుంది. కాబట్టి ఒక్కరు పెట్టుకుంటే సరిపోదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెట్టాలి, అప్పుడే వోల్టేజి కొంత లేస్తుంది. లైను మరీ పొడుగైతే, తీగ మరీ సన్నమైతే కెపాసిటర్ కూడా ఏమీ చేయలేదు. అక్కడ కొత్త ట్రాన్స్‌ఫార్మరే కావాలి, దానికి కొట్లాడాల్సిందే.

ఎక్కడ కలపాలి? స్టార్టర్ నుంచి మోటారుకు పోయే వైపు. మోటారు ఆగితే కెపాసిటర్ కూడా లైను నుంచి విడిపోవాలి. ఓవర్‌లోడ్ రిలే తర్వాత కలిపితే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది. కాబట్టి రిలే సెట్టింగు కూడా తగ్గించాలి. 9.2 మీద ఉన్న రిలేను అలాగే వదిలేస్తే మోటారుకు కాపలా లేనట్టే. స్టార్-డెల్టా స్టార్టరున్న పెద్ద మోటార్లకు కనెక్షన్ వేరు, తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 13340 ఉన్నాయో లేదో చూసి కొనండి.

బతికుందో చచ్చిందో ఎలా తెలుస్తుంది? టాంగ్ టెస్టర్ ఉన్న మెకానిక్‌ను పిలిచి మోటారు నడుస్తుండగా కెపాసిటర్ తీగలు మూడూ ఒక్కొక్కటి చూపించుకోండి. 2 కేవీఏఆర్‌ది అయితే ఒక్కో తీగలో దాదాపు రెండున్నర ఆంపియర్లు ఉండాలి, మూడూ సమానంగా. ఒకదాంట్లో బాగా తగ్గినా, సున్నా వచ్చినా అది మార్చాల్సిందే. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో షాక్ ఉంటుంది. మెయిన్ తీసి, కనీసం ఐదు నిమిషాలు ఆగకుండా ఎవరూ చెయ్యి పెట్టొద్దు. ఇప్పటికే స్టార్టర్ డబ్బాల దగ్గర మనవాళ్లను ఎందరినో పోగొట్టుకున్నాం.

సోలార్ పంపులున్న వాళ్లకు ఒక మాట. 2019లో మొదలైన కుసుమ్ పథకం కింద కొందరికి ఇవి వచ్చాయి. వాటి కంట్రోలర్ లోపల కూడా కెపాసిటర్లున్నాయి, కానీ వాటి పని వేరు. పలకల నుంచి వచ్చే డీసీ కరెంటును ఒడిదుడుకులు లేకుండా పట్టి ఉంచుతాయి. వేడి వాటికి శత్రువు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. కాబట్టి కంట్రోలర్ డబ్బాను ఎండలో పెట్టొద్దు, నీడ కట్టండి. గాలి ఆడనివ్వండి. ముఖ్యంగా, కంట్రోలర్‌కు మోటారుకు మధ్య మన మామూలు కెపాసిటర్ ఎప్పుడూ కలపొద్దు, కంట్రోలర్ కాలిపోతుంది. కరెంటు మోటారును తెచ్చి సోలార్‌కు కలిపినప్పుడు పాత కెపాసిటర్ తీయడం మరిచిపోవడమే సాధారణంగా జరిగే తప్పు.

ఇంకొకటి ఆటో స్టార్టర్. కరెంటు పోయి వచ్చిన క్షణంలో అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే, ఒక్కోటి మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు కెపాసిటర్ అడ్డుకాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా అన్నాక రాత్రి లేచి మోటారు వేసే భయం తగ్గింది. ఆటోలు తీసేద్దాం. తీయలేనివాళ్లు ఒక్కొక్కరు ఒక్కో సమయానికి లేచేలా టైమర్ పెట్టుకోండి.

మన వంతు ఇది. మరి వాళ్ల వంతు? మేం అడిగేవి నాలుగే. కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడే సరైన సైజు కెపాసిటర్ బిగించి ఇవ్వాలి. కాలినవాటిని సంస్థ ఖర్చుతో మార్చాలి, ఎందుకంటే లైను నష్టం తగ్గితే మిగిలేది వాళ్లకే. బరువు ఎక్కువైన ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన రెండోది పెట్టాలి. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని నియంత్రణ మండలి నిబంధనే ఉంది, దాన్ని అమలు చేయాలి. మోయడానికి ట్రాక్టర్ కిరాయి రైతు పెట్టడమనేది ఆ నిబంధనలో ఎక్కడా లేదు.

మా ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేడు మందిమీ కూర్చుని, లేనివాళ్లందరికీ ఒకే రోజు కెపాసిటర్లు పెట్టించాం. ఇద్దరి దగ్గర డబ్బు లేకపోతే మిగతావాళ్లం వేసుకున్నాం. ఆ తర్వాత అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే, "మీకు కెపాసిటర్లు లేవు" అనే మాట వాళ్ల నోట రాలేదు. వచ్చే నెల కమిటీకి మీరందరూ మీ మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లున్నాయి, ఏ సైజువి, ఎన్నిటికి కెపాసిటర్ పనిచేస్తోంది అనే లెక్క ఒక కాగితం మీద రాసుకుని రండి. ఆ కాగితాలన్నీ కలిపి అర్జీకి జత చేద్దాం.

ఉంటాం. నాట్లకు ముందే ఈ పని కావాలి.