ఎడమకాలు నేర్పిన మాష్టారు



మన కంబంలో సాయంత్రం బడి వదలగానే పిల్లలు మైదానంలో బంతాట మొదలుపెడతారు. బంతి కుడికాలి దగ్గరికి వస్తే గట్టిగా తన్నుతారు. ఎడమకాలి దగ్గరికి వస్తే ఒళ్ళంతా తిప్పి మళ్ళీ కుడికాలికే తెచ్చుకుంటారు. ఆలోగా అవతలివాడు బంతి లాక్కుపోతాడు. అది చూసినప్పుడల్లా నాకు ఒక బడిపంతులు గుర్తుకొస్తారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం గారు 1909లో హైదరాబాదులో పుట్టారు. 1920ల చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిశాక కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది.

ఏమిటండీ ఆయన రహస్యం? బడిలో వాడే పద్ధతే. వాటంలేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. బంతిని దగ్గర ఉంచుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని మరొక పోటీ.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్ళలో కొందరు వట్టికాళ్ళతో ఆడారు. రహీం గారు కుంగిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మొదటి ఆటలోనే కొరియా 2-0తో ఓడించింది. అదే కొరియా ఫైనల్లో ఎదురైంది. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించారు రహీం గారు. అతను గోలు కొట్టాడు. 2-1తో బంగారం మనది. మరుసటి ఏడు జూన్ 11న రహీం గారు ఊపిరితిత్తుల క్యాన్సరుతో కన్నుమూశారు.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నారు. సికిందరాబాదులో తమిళ కుటుంబంలో పుట్టిన ఆ కుర్రాడిని చేరదీసింది రహీం గారే. తమిళనాట ఉన్న తెలుగువాళ్ళం కదా మనం, ఆయన తెలుగునాట ఎదిగిన తమిళబిడ్డ.

చివరగా ఒక్క మాట. మొన్న నా తరగతి కుర్రాడొకడు బంధువుల పెండ్లిపత్రిక తెచ్చి, "అయ్యవారూ, ఇందులో ఏముందో చదివి చెప్పండి" అన్నాడు. ఇంట్లో వాడు మాట్లాడేది తెలుగే, అక్షరాలు మాత్రం రావు. మన పిల్లలకు తమిళం కుడికాలు. అది బలంగా ఉండాల్సిందే. కానీ తెలుగు అక్షరాన్ని ఎడమకాలిలా వదిలేశాం. ఎడమకాలు నేర్చినందువల్ల ఏ ఆటగాడి కుడికాలూ చచ్చుబడలేదు. రోజుకు పది నిమిషాలు చాలు. పలక తీయండి, మీరే మొదలుపెట్టండి.

సెలవు.