పదునాఱవ యేట
(మర్రిగూడ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



బిడ్డల పెంపకమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘ కార్యదర్శులవారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవారము గనుక వేలకొలది బిడ్డలను దిద్దితిమను గర్వము మాకు గలదు. మా సొంత బిడ్డలను పెంచుటలో మేము చేసిన తప్పులను వారే యెఱుగుదురు. కావున నీ విషయమున మా యధికారము స్వల్పమని ముందే మనవి చేయుచున్నాము.

మన పూర్వులు పెంపకమున కొక కాలనిర్ణయము చేసియున్నారు. అయిదేండ్లు లాలింపవలెను, ఆపై పదియేండ్లు దండింపవలెను, పదునాఱవ యేడు రాగానే కొడుకును మిత్రునివలె జూడవలెను. ఈ సుభాషితము నెఱుగని యిల్లు మన ప్రాంతమున నుండదు. కాని యందఱకును జ్ఞప్తియందున్నది నడిమి భాగమే. "సారూ, తోలు దీసినా ఏమనం, సదువొస్తే సాలు" అని మాతో జెప్పిన తండ్రులు లెక్కకు మిక్కిలి. మేమును వారి మాటను చక్కగా పాటించితిమి. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డను గొట్టరాదని శాసించువఱకు మా బల్లమీద బెత్తముండెడిది. దానిని చట్టము తీసివేసినదే గాని మేముగా తీసినవారము కాము.

మఱి మూడవ భాగమేమాయెను? పదవ తరగతి ముగియునప్పటికి బిడ్డకు పదునైదు నిండి పదునాఱవ యేడు వచ్చును. ఏ యేట తండ్రి మిత్రుడు కావలెనో సరిగా ఆ యేటనే మనము బిడ్డను పెట్టెతో సహా హైదరాబాదు బస్సెక్కించి కళాశాల వసతిగృహమున దింపి వచ్చుచున్నాము. పిదప ఆదివారము ఫోనులో మూడు మాటలు: తింటివా? మార్కులెన్ని? ర్యాంకెంత? మైత్రి మొదలు కావలసిన దినమున మాటయే మాని వచ్చుచున్నామన్నమాట.

ఇది కఠినహృదయముచేత చేయుపని యని మేమనము. ఈ మెట్టనేలలో ఫ్లోరైడు నీరు త్రాగి నడుము వంగినవారు, ఎండిన బోరుబావికి అప్పు తీర్చుచున్నవారు, మా బిడ్డయైన ఈ మట్టినుండి బయటపడవలెనని కోరుటలో తప్పేమున్నది? నదీజలము నేడు కుళాయికి వచ్చినను ఆ భయము తీరలేదు. భయము ప్రేమనుండియే పుట్టినది. చిక్కేమనగా, బిడ్డకు భయము మాత్రమే కనబడును.

బాణభట్టు కాదంబరియం దొక వసతిపాఠశాల గలదు. తారాపీడ మహారాజు తన కుమారుడు చంద్రాపీడునికై పురమునకు వెలుపల సిప్రాతీరమున విద్యామందిరమును గట్టించి, ఆఱవ యేట ప్రవేశపెట్టి పదునాఱవ యేటివఱకు బయటికి రానీయలేదు. నేటి కార్పొరేటు కళాశాలవారు కూడ ఇంత కట్టడి చేయలేరు. కాని చదువరులు దాటిపోవు చిన్నమాట యొకటి యచ్చట నున్నది. రాజు ప్రతిదినమును లేచి, కొద్దిపాటి పరివారముతో, రాణి విలాసవతిని వెంటబెట్టుకొని పోయి కొడుకును జూచి వచ్చెడివాడు. రాజ్యభార మున్నవానికి తీరిక దొరకినది! మేము కాదంబరిని పలుమార్లు పాఠము చెప్పియు ఈ వాక్యమును వ్యాకరణమునకే వాడుకొంటిమి.

పాశ్చాత్య శాస్త్రజ్ఞులును ఈ విషయమున శ్రమించియున్నారు. 1966లో అమెరికాదేశమున డయానా బౌమ్‌రిండ్ అను విదుషీమణి పెంపకమును మూడు తెఱగులుగా విభజించెను. ఆజ్ఞయే గాని మాట లేనిది యొకటి. గారాబమే గాని కట్టుబాటు లేనిది రెండవది. కట్టుబాటును విధించి, కారణమును దెలిపి, బిడ్డ మాటను గూడ వినునది మూడవది. 1983లో మాకోబీ, మార్టిన్ అనువారు ఉపేక్షను వేఱుగా జూపగా తెఱగులు నాలుగైనవి. (యోగశాస్త్రమున ఉపేక్ష సుగుణము, సంసారమున నది మహాదోషము. పదములకును స్థానబలమున్నది.) మూడవ తెఱగున పెరిగిన బాలురకు ఆత్మవిశ్వాసము హెచ్చు, దిగులు తక్కువ యని తరువాతి పరిశోధనలలో పెక్కు తెల్పుచున్నవి. 1994లో రూత్ చావో యనునామె చీనా కుటుంబములను పరిశీలించి, కట్టడియంతయు క్రౌర్యము కాదు, బిడ్డ దానిని ఆదరముగా గ్రహించు సంప్రదాయములును గలవని వాదించెను. ఇది మనకును వర్తించును. కావున కట్టుబాటు మానుడని మేము చెప్పుట లేదు. వినుడని చెప్పుచున్నాము.

మా మాటయే చెప్పెదము. మా పెద్దవాడు ఇంటర్మీడియెటు మొదటి యేట దసరా సెలవులకు వచ్చి, రాత్రి భోజనమైన పిదప మా మంచముకడ గూర్చుండి, "నాయినా, నాకు లెక్కలు వస్తలేవు, నిద్ర పడుతలేదు" అనెను. మేము పత్రిక దించక "ఫీజు కట్టితిమి గదా" యంటిమి. వాడు లేచిపోయెను. ఆ పిదప వాడు చదివినాడు, ఉద్యోగము సంపాదించినాడు, మాకు లోటు చేయలేదు. కాని యిన్నేండ్లలో తన మనసులోని మాట యొకటైన మాతో జెప్పలేదు. నేటికిని ఫోను జేసి, "బాగున్నవా నాయినా, అమ్మ కియ్యి" అనును. మేము తల్లి చేతికిత్తుము.

గడచిన దసరాకు వాడు కొడుకుతో వచ్చెను. మనుమనికి నిప్పుడు పదునాఱు. అర్ధరాత్రి మేము నీళ్లకై లేవగా లోపలిగదిలో తండ్రికొడుకుల మాటలు వినవచ్చినవి. వాడు చెప్పుచుండగా వీడు వినుచుండెను. మార్కుల ప్రసక్తియే లేదు. మేము గడపకడ చాలసేపు నిలిచితిమి.

"పుత్రుని" అని శ్లోకమున నున్నందున పుత్రికకు వర్తింపదనుకొనువారు గలరు. పదునాఱవ యేట కూతురికి మిత్రత్వమునకు బదులు సంబంధములు వెదకు తల్లిదండ్రులు ఈ సభలోనే యున్నారేమో!

కఠోపనిషత్తులో నచికేతుడు తండ్రి చేయు దానములోని లోపమును జూచి, "నన్నెవరి కిచ్చెదవు?" అని ముమ్మారు అడిగెను. తండ్రి విసుగుచెంది "మృత్యువున కిచ్చెద" ననెను. కోపములో వచ్చిన మాట! ఆ బాలుడు యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై యుండెను. యముడు మూడు వరములీయగా, బ్రహ్మవిద్యను కడపట నడిగెను. మొట్టమొదట నడిగినదేమి? తన తండ్రి కోపముడిగి ప్రసన్నుడు కావలెను. తాను తిరిగిపోయినపుడు తన్ను గుర్తించి పలుకరింపవలెను. పరీక్ష తప్పిన బిడ్డ గుమ్మములో నిలిచి కోరునదియు నింతే గదా!

2019 ఏప్రిలులో ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన కొలది దినములలో మన తెలంగాణమున ఇరువదిమందికి పైగా బాలబాలికలు ప్రాణములు దీసికొనిరి. మూడు లక్షలకు పైగా తప్పిరి. ఫలితములలోనే దోషములున్నవని తేలి, త్రిసభ్యసంఘమును నియమించి, తప్పినవారి పత్రములను రుసుము లేక మరల పరిశీలించిరి. తెలుగు పత్రమున 99 మార్కులు రావలసిన బాలికకు సున్న వేసియుండిరి. తెలుగు పంతులమైన మాకు ఆ సున్న నేటికిని కన్నులయెదుట నున్నది. అట్టి మరణములకు కారణ మొక్కటియే యుండదు. ఏ తల్లిదండ్రులనైన నిందించుట పాపము. కాని కాగితముపై అంకెకంటె నింటిలో పలుకరింపు ముందుగా బిడ్డకు చేరవలెను. బిడ్డ తిండి నిద్ర మాని, మాట మాని, బ్రతుకుపై విరక్తి పలుకుచున్నచో పరువునకు జంకక వైద్యుని జూపుడు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను జేసినచో తెలుగులోనే మాటాడుదురు; మూల్యము లేదు.

కులసంఘములు తెలంగాణమున చేసిన పనులలో వసతిగృహములే మిన్న. 1918లో కొత్వాలు రాజబహదూర్ వేంకటరామరెడ్డిగారు హైదరాబాదులో స్థాపించిన రెడ్డి హాస్టలును, దాని భారమును వహించిన సురవరము ప్రతాపరెడ్డిగారిని మీరెఱుగుదురు. ఊరు విడిచిన బాలునకు గదితోపాటు పెద్దదిక్కు గూడ నుండవలెనని యా తరమువా రెఱుగుదురు.

మన సంఘము ఏటేట ర్యాంకులకు పతకములిచ్చుచున్నది. ఇయ్యవలసినదే. కాని పరీక్ష తప్పిన బిడ్డ యొక్కడును ఈ పందిటికి రాలేదు. వారి తల్లిదండ్రులును రాలేదు. పోషకమహాశయులకు మా విన్నపమొకటి. పట్టణమున చదువుచున్న బీదబిడ్డల తల్లిదండ్రులు నెలకొక్కమాఱు పోయి చూచి వచ్చుటకు బస్సు ఖర్చులనిధి యొకటి నేర్పరపుడు. ఫలితములు వచ్చు దినమున సంఘపు పెద్దలిద్దఱు తప్పినవారి యిండ్లకు పోయి రావలెను. ఆ యిద్దఱిలో నొకరముగా మమ్ము వ్రాసికొనుడు. నిధికి మొదటి చందాగా 5,000 రూపాయలు ఈ యుదయమే కార్యదర్శులవారికి అందజేసితిమి. రసీదు పుస్తకము వేదిక ప్రక్కబల్లపై నున్నది.