చద్దికుండయు, పొడిడబ్బాయు

ఇటీవల మందుల దుకాణములలో ఒక క్రొత్త సరకు కనబడుచున్నది. గుండ్రని డబ్బా, అందులో తెల్లని పొడి, పైన చిరునవ్వు నవ్వుచున్న ఒక కుటుంబపు బొమ్మ. ప్రీబయోటిక్ పీచు అని దాని పేరు. దినమునకొక చెంచాడు నీటిలో కలిపి త్రాగినచో ప్రేగులు బలపడుననియు, ఆపైన బయటి తిండి ఏది తిన్నను భయము లేదనియు చెప్పువారు కలరు. ఈ రెండు మాటలలో మొదటిదానియందు కొంత సత్యమున్నది. రెండవదానియందు లేదు. మొదటిదానిని చూచి రెండవదానిని కూడ నమ్మినచో ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు రాగలదు. అందుచేత ఈ విషయమును గూర్చి ఈ పూట శ్రోతలతో కొంత వివరముగా ముచ్చటింపదలచితిమి.

మాట గాలిలో తేలిపోకుండుటకు తడ అను ఊరిని కంటియెదుట ఉంచుకొందము. చెన్నపట్టణమునుండి నెల్లూరునకు వచ్చు పెద్దరోడ్డుమీద తమిళదేశపు సరిహద్దు దాటగానే తగులు తెలుగు ఊరది. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నెలలో తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాట్ సరస్సు. సముద్రపునీరును ఏటినీరును కలియు సరస్సులలో మన దేశమున చిలికా తరువాత పెద్దది ఇదియే. పడమటి ప్రక్కన శ్రీసిటీ కర్మాగారములు. సరస్సులోని రొయ్యలు, చేపలు, పీతలు. రోడ్డు ప్రక్కన రాత్రియనక పగలనక తెరచియుండు భోజనశాలలు. చిన్న గదులలో వండుకొని, డబ్బాలలో అన్నము పెట్టుకొని పనికి పోవు యువకులు. తిండి ఎన్ని త్రోవల మేలు చేయునో, ఎన్ని త్రోవల చెడునో ఆ ఒక్క ఊరనే చూడవచ్చును.

ముందుగా పీచు మాట. మన జీర్ణరసములు అరిగింపజాలని పదార్థమే పీచు. అన్నములోని పిండి చిన్నప్రేగులో చక్కెరగా మారి రక్తములో కలియును. పీచు మాత్రము అరగక పెద్దప్రేగు చేరును. అచ్చట దానికొరకు కాచుకొనియున్నవారు కలరు: లక్షలకోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు. అవి పీచును పులియబెట్టి తినును. ఆ పులుపునుండి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అను ఆమ్లములు పుట్టును. వీనిలో బ్యుటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు లోపలి పొరకు ముఖ్యాహారము. అనగా మన ప్రేగునకు మనము నేరుగా అన్నము పెట్టుటలేదు. ఇంట అద్దెకున్నవారిచేత పెట్టించుచున్నాము. ఇట్లు మేలుచేయు జీవులను పోషించు ఆహారపదార్థములకు 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ అను శాస్త్రజ్ఞులు ప్రీబయోటిక్ అని పేరు పెట్టిరి.

పీచంతయు ప్రీబయోటిక్ కాదు. మన పెద్దలెరిగిన ఇసబ్‌గోలు నీటిని పీల్చి ఉబ్బి మలమును మెత్తపరచునేకాని, ప్రేగులోని జీవులకు అందులో దొరకు మేత స్వల్పము. డబ్బాలలో తరచుగా ఉండునది ఇన్యులిన్ అను పదార్థము. దానిని చికోరీ వేళ్లనుండి తీయుదురు. మన కాఫీపొడిలో కలుపు చికోరీయే అది. అయితే వేరును వేయించునప్పుడు ఇన్యులిన్ చాలవరకు చెడిపోవును. కావున ఆరోగ్యము పేరు చెప్పి రెండవ లోటా కాఫీ అడుగువారి పక్షమున మేము సాక్ష్యము చెప్పజాలము. అదే ఇన్యులిన్ ఉల్లిపాయలలోను వెల్లుల్లిలోను కలదు. దానికి డబ్బా అక్కరలేదు.

ఇక తిండి విషమగుట. ఇది రెండు విధములు. క్రిమి సజీవముగా కడుపులోనికి పోయి, ప్రేగులో పెరిగి రోగము తెచ్చుట ఒకటి. క్రిమి వంటకములోనే పెరిగి తన విషమును అందులో విడిచియుండుట రెండవది. ఈ రెండవదానియందు క్రిమి చచ్చినను విషము మిగులును. ఈ భేదము తెలియనివారే మరల వేడిచేసితిమి గదా అని ధైర్యపడుచుందురు.

ఉప్పునీటి రొయ్యలలోను పీతలలోను ఉండదగిన విబ్రియో పారాహీమోలిటికస్ మొదటి తెగలోనిది. 1950లో జపాను దేశమున ఒసాకా ప్రాంతములో చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడగా 20 మంది మరణించిరి. ఆ సందర్భమున ఫుజినో అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. మన పులుసులో రొయ్య చక్కగా ఉడుకును గనుక ఆ క్రిమి చచ్చును. కాని పచ్చిరొయ్యలు కోసిన కత్తిపీటను కడుగక దానిమీదనే దోసకాయ తరిగినచో ఉడికించిన ఫలమంతయు పోయినట్లే. తడ చేపలబజారులో ఒక అవ్వను మంచి చేపను ఎట్లు గుర్తించవలెనని అడిగితిమి. కన్ను లోనికి పోరాదనియు, మొప్ప ఎర్రగా ఉండవలెననియు ఆమె చెప్పినది. మంచి మాటయే. కాని కానాగంతలవంటి సముద్రపుచేపలు ఎండలో పడియుండినచో వానిలో హిస్టమిన్ అను పదార్థము పుట్టును. అది కంటికి కనబడదు, ఉడికించినను పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖమెర్రబడి, తలనొప్పి పట్టుకొనును. పట్టినది మొదలు మంచులో ఉంచుటయే దానికి విరుగుడు.

అన్నము సంగతి ఇంకను విచిత్రము. బాసిల్లస్ సీరియస్ అను క్రిమి బియ్యముతోనే ఇంటికి వచ్చును. గట్టి విత్తనమువంటి రూపము దాల్చి ఉడుకునకు ఓర్చుకొనును. వండిన అన్నము వెచ్చగా గంటలతరబడి ఉండిపోయినచో మొలకెత్తి పెరిగి విషము విడుచును. ఆ అన్నమును నూనెలో ఎంత వేయించినను ఆ విషము నశింపదు. 1970 దశకమున ఇంగ్లండులోని చీనా భోజనశాలలలో వేయించిన అన్నము తిన్నవారికి వాంతులు పట్టుకొనుటతో ఈ సంగతి లోకమునకు తెలిసినది. మధ్యాహ్నము వండిన అన్నమును సాయంకాలము బండిమీద వేయించుట ఇప్పుడు మన ప్రతి ఊరను కలదు.

ఈ విషముల యెదుట పీచుపొడి చేయగలిగినదేమియు లేదు. అన్నపు విషమునకు వాంతులు సాధారణముగా ఆరు గంటల లోపలనే వచ్చును. త్రాగిన పీచు పెద్దప్రేగు చేరి పులియుటకే అంతకాలము పట్టును. ఇక మొదటి తెగ క్రిముల విషయమున పీచునకు కొంత బలమున్నది. 45 దేశములలోని 12,000 మందికి పైగా జనుల ప్రేగుల సూక్ష్మజీవులను పరిశీలించి కేంబ్రిడ్జి పరిశోధకులు 2025 జనవరిలో ఒక వ్యాసము ప్రకటించిరి. పీచును తిని బ్రతుకు ఫీకాలిబాక్టీరియము మున్నగు జీవులు ఎక్కువగా ఉన్నచోట, ఈ.కోలై కుటుంబపు క్రిములు తక్కువగా ఉన్నవని వారు కనుగొనిరి. ఇల్లు నిండియున్నచో దొంగకు చోటు దొరకదు. కాని ఇది నిత్యము తిను పీచు మాటయేకాని, తిరునాళ్లకు పోవుటకు ముందు మింగిన చెంచాడు పొడి మాట కాదు.

తడకు ఉత్తరమున అదే రోడ్డుమీదనున్న నాయుడుపేటలో 2024 జూలైలో ఒక గురుకుల విద్యాలయపు పిల్లలు పెక్కుమంది వాంతులు, విరేచనములతో ఆసుపత్రి పాలైరి. ఆ సంవత్సరమే అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనైజ్‌ను ఒక సంవత్సరముపాటు నిషేధించినది. వంటశాల తప్పును తినువాని ప్రేగు దిద్దుకొనవలెననుట న్యాయము కాదు.

ఐనను పీచునకును విరేచనములకును నిజముగా ముడివేసిన పరిశోధన ఒకటి మన పొరుగుననే జరిగినది. చిత్తూరు సీమవారికి పెద్దజబ్బు అనగానే వేలూరు జ్ఞప్తికి వచ్చును. ఆ వేలూరి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టరు బి.ఎస్. రామకృష్ణయు ఆయన సహచరులును 48 మంది కలరా రోగులను మూడు జట్లుగా విభజించిరి. మొదటి జట్టునకు మామూలు ఓ.ఆర్.ఎస్. ద్రావణము. రెండవదానికి అదే ద్రావణములో లీటరునకు 50 గ్రాముల బియ్యపుపిండి. మూడవదానికి 50 గ్రాముల ఒక ప్రత్యేకమైన మొక్కజొన్నపిండి. ఇది చిన్నప్రేగులో చాలవరకు అరగక పెద్దప్రేగు చేరు జాతి. విరేచనములు మొదటి జట్టులో సగటున సుమారు 91 గంటలును, రెండవదానిలో 71 గంటలును, మూడవదానిలో 57 గంటలును నిలిచినవి. 2000 సంవత్సరమున న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీనిని ప్రకటించినది.

ఇది ఎట్లు జరిగినదన, కలరా విషము చిన్నప్రేగునుండి నీటిని తోడి వెలికి పోయును. ఆ నీటిని మరల పీల్చుకొనగల శక్తి పెద్దప్రేగునకు కలదు, కాని దానికి ప్రోత్సాహము కావలెను. అరగని పిండి పులిసి పుట్టిన ఆమ్లములు ఉప్పును లోనికి లాగును; ఉప్పు వెంట నీరు పోవును. నాలుగు దినముల బాధ రెండున్నర దినములకు దిగినదనగా అది స్వల్పము కాదు. అయితే ఒక మాట మరువరాదు. ఆ పిండిని ఓ.ఆర్.ఎస్.కు తోడుగా ఇచ్చిరేకాని, దానికి బదులుగా ఇయ్యలేదు. ఢాకా నగరమున జరిగిన మరియొక పరిశోధనలో, రెండు వారములు దాటినను విరేచనములు విడువని పసివారికి ఉడికించిన అరటికాయ కలిపిన అన్నపు ఆహారమిచ్చి గుణము కనిరి. అది 2001లో వెలువడినది. అరటికాయ మన పెరటిలోనిదే.

ఇప్పుడు చద్దికుండ కడకు వత్తము. వండిన అన్నము చల్లారునప్పుడు దానిలోని పిండి కొంతభాగము గట్టిపడి, వేలూరిలో వాడిన పిండివలె అరగని పిండిగా మారును. నీరు పోసి రాత్రియంతయు ఉంచినచో పులుపు పుట్టించు మేలి క్రిములు పెరుగును. పులుపు హెచ్చినకొలది చెడు క్రిములు వెనుకంజ వేయును. కావున చద్దన్నమును తక్కువ వెల ప్రీబయోటిక్ అనిన అనవచ్చును. ఒకప్పుడు పేదతిండియని తీసివేసినవారే నేడు దానిని హోటలులో వెలపెట్టి తినుట చూచి మేము సంతోషించితిమి. కాని మధ్యాహ్నపు అన్నమును తడ ఉక్కలో సాయంకాలమువరకు మూతపెట్టి ఉంచి, నిద్రపోబోవుచు నీరు పోసినచో అది చద్ది కాదు. అప్పటికే చెడిన అన్నమునకు నీరు పోయుట. వేడి తగ్గిన వెంటనే, రెండు గంటలు దాటకుండ, కాచి చల్లార్చిన నీరు పోయవలెను. కొంచెము మజ్జిగ చేర్చినచో పులుపు త్వరగా ఎక్కును. తెల్లవారి జిగురు సాగినను, వాసన తేడాగా ఉన్నను పారబోయుటకు సందేహింపరాదు. పసిబిడ్డలకును, గర్భిణులకును, జబ్బుననున్నవారికిని వేడి అన్నమే మేలు.

పెద్దవారికి దినమునకు కనీసము 25 గ్రాముల పీచు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు కలదు. పాలిషుబట్టిన బియ్యములో 3 గ్రాములకు లోపే. సంకటి ముద్దయు, ఉలవచారును, అనపగింజల కూరయు, మునగాకు వేపుడును వారమున నాలుగు దినములు ఇంట నడచినచో డబ్బా కొనవలసిన అవసరము చాలమందికి రాదు.

పొడి ఎవరికిని వద్దని మేమనము. పళ్లు లేని వృద్ధులకు, మలబద్ధకముతో బాధపడువారికి వైద్యుడు చెప్పినచో వాడదగినదే. ఇన్యులిన్‌ను మొదటినాడే ఎక్కువగా త్రాగినచో కడుపుబ్బి నలుగురిలో కూర్చుండుట కష్టమగును. కొద్దిగా మొదలుపెట్టి పెంచవలెను. ఇసబ్‌గోలును పొడిగా నోట వేసికొని గ్రుక్కెడు నీళ్లతో సరిపెట్టినచో గొంతున అడ్డుపడవచ్చును. ఇతర మందులకును దానికిని రెండు గంటల ఎడముండవలెను. ఆరోగ్యపూరకముగా అమ్ము డబ్బాపై చిన్న అక్షరములలో ఒక ఆంగ్లవాక్యము ఉండును. ఇది ఔషధముగా వాడుటకు కాదని దాని అర్థము. చట్టము పెట్టించిన ఆ వాక్యమే డబ్బాపైనున్న మాటలలోకెల్ల నమ్మదగినది.

వాంతులు, విరేచనములు మొదలైన దినమున డబ్బా సంగతి మరచిపోవలెను. అప్పుడు కావలసినది నీరును ఉప్పును. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితోనే వేలమంది కలరా రోగులను బ్రతికించెను. పొట్లము అందుబాటులో లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపవలెను. పిల్లలకు వైద్యుని సలహాపై జింకు మాత్రలు కూడ ఇత్తురు. మలములో రక్తము, తగ్గని జ్వరము, ఆగని వాంతులు, మూత్రము రాకపోవుట, బిడ్డ మగతగా పడియుండుట, వీనిలో ఏది కనబడినను ఆసుపత్రికి పోవుటలో ఆలస్యము చేయరాదు.

కొనునప్పుడు కూడ జాగ్రత్త వలయును. ఓ.ఆర్.ఎస్. అను పేరు తగిలించుకొన్న తీపిపానీయములు చాలకాలము మన దుకాణములలో అమ్ముడుపోయినవి. చక్కెర హెచ్చైనచో విరేచనములు తగ్గుటకు మారుగా పెరుగును. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీనిపై పోరాడిన పిమ్మట, 2025 అక్టోబరు 14వ తేదీన ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరును అట్టి పానీయములు వాడరాదని ఉత్తరువు చేసినది. అసలైన లీటరు పొట్లము వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని వ్రాసియుండును. లోపలి పొడి తూకము 20.5 గ్రాములు, అందులో గ్లూకోసు 13.5 గ్రాములు. దానిని సగము సగముగా కాక, పొట్లము మొత్తమును ఒకేసారి లీటరు నీటిలో కలిపి, ఒక దినము దాటిన పిమ్మట మిగిలినదానిని పారబోయవలెను.