గేటు దగ్గర నిలబెట్టే ముందు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు కనుక నేను వేరే విషయం ఎత్తుకుంటాను. మనలో చాలామందిమి రిటైరయ్యాక అపార్టుమెంట్లలో చేరాము. ఖాళీగా ఉంటామని అక్కడి లెక్కలు మనకే అప్పగిస్తారు. మా అపార్టుమెంటుకు కోశాధికారిని నేనే. సెక్యూరిటీ గార్డు కోసం మూడు కొటేషన్లు పిలిచి, సర్వీసులో అలవాటైన చేత్తోనే తక్కువ రేటుకు టిక్కు పెట్టాను.

ఏజెన్సీవారు పంపిన మనిషికి డెబ్బై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. ఒక రాత్రి సెల్లారులో స్కూటరు తాళం పగలగొడుతున్న ఇద్దరి మీదికి ఒంటరిగా వెళ్లాడు. వాళ్లు తోసేస్తే తుంటి ఎముక విరిగింది. స్కూటరు దక్కింది, మనిషి మంచాన పడ్డాడు. ఆసుపత్రిలో నన్ను చూసి, "అప్పుడేం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదండీ అయ్యగారూ" అన్నాడు. ఏజెన్సీవారు నెల జీతమిచ్చి తప్పుకున్నారు. లైసెన్సు చూపమంటే రేపు మాపు అన్నారు.

ఆ తరువాతే చట్టం తెప్పించి చదివాను. ముందే చదవవలసింది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 నిండకూడదు. నడవడి, పూర్వాపరాలు విచారించాలి. శరీర దారుఢ్యం ఉండాలి. శిక్షణ పూర్తి చేసి ఉండాలి. ఆ శిక్షణ ఎంతో కేంద్రం 2006 నమూనా నిబంధనల్లో చెప్పింది: తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు, కనీసం 20 పనిదినాలు. మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుర్తింపు కాగితాలు పరిశీలించడం, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చే పద్ధతి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకో, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా ముసలాయనకు ఇందులో ఒక్క గంట కూడా దొరకలేదు.

ఖాకీ చూసి మా పిల్లలు ఆయన్ని పోలీసు తాత అనేవారు. నిజానికి పోలీసు దుస్తులను పోలిన యూనిఫారం వేయిస్తే ఏజెన్సీ యజమానికి కూడా ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గార్డుకు పోలీసు అధికారాలేమీ లేవు. దొంగను పట్టుకొనే విషయంలో మీకూ నాకూ ఎంత అధికారముందో అతనికీ అంతే. పట్టుకుంటే జాప్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలో దీనికి ఆరు గంటల గడువు పెట్టారు.

మన సంఘంలో పోలీసు శాఖవారు, మాజీ సైనికుల కుటుంబాలవారు ఉన్నారు. వారికొక మాట. ఈ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ప్రాధాన్యం ఉంది. శిక్షణ కూడా తక్కువే: 40 గంటల తరగతులు, 16 గంటల బయటి శిక్షణ, ఏడు పనిదినాలు. అయితే వయసు పరిమితి వారికీ వర్తిస్తుంది.

మేము ఏజెన్సీని మార్చాము. లైసెన్సు నకలు, ప్రతి గార్డు శిక్షణ సర్టిఫికెట్టు, వయసు రుజువు ఫైల్లో పెట్టాకే మొదటి చెక్కు రాశాను. నెలసరి చందా పెరిగిందని ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ లిఫ్టులో నాతో మాట్లాడరు. ఏమేం కాగితాలు అడగాలో ఒక పట్టిక రాసి తెచ్చాను, కావలసినవారు టీ వేళ నా దగ్గర తీసుకోండి.